ఉపదేశమును అనుభూతియు: ‘జింగలమదుని’ గీతసంపుటముపై ఒక పరిశీలన

ప్రవాసాంధ్రుల సంచికయందు అమెరికా దేశపు నల్లజాతివారి పాటలను గూర్చిన వ్యాసమేమి యని పాఠక మహాశయులు కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఆశ్చర్యము సహజమే. ఇట్టి సంచికలలో శాసనములు, వలసల చరిత్రలు, మాండలిక పదములు, ఆయా ప్రాంతముల తెలుగు కవుల కృతులు చర్చింపబడుట వాడుక. కాని పుట్టినచోటికి దూరమైన యే జనసమూహమైనను తన మూలమును గూర్చి పాడబూనినపుడు దానికి ఒక చిక్కు ఎదురగును. మూలమును అనుభవముగా చెప్పుటా, లేక నినాదముగా చాటుటా యనునదే ఆ చిక్కు. దీనిని మిక్కిలి స్పష్టముగా చూపు ఉదాహరణము నాకు మన సాహిత్యమున గాక, దూరదేశపు సంగీతమున కనబడినది. అందుచేతనే ఈ ప్రయత్నము.

అమెరికాలోని జార్జియా రాష్ట్రమున అట్లాంటా నగరము కలదు. అచ్చట వెలసిన అరెస్టెడ్ డెవలప్‌మెంట్ అను హిప్-హాప్ బృందము 1992లో తన మొదటి ఆల్బమును ప్రకటించి దేశమంతట కీర్తి గడించెను. 1994 జూన్ నెలలో ‘జింగలమదుని’ అను రెండవ ఆల్బమును వెలువరించెను. రెండింటను ముఖ్య గాయకుడు ఒక్కడే. బోధింపబడిన ధర్మము ఒక్కటే. సంగీతపు తీరును దాదాపు ఒక్కటే. అయినను మొదటిది శ్రోతల హృదయములలో నిలిచెను, రెండవది నిలువలేదు. రెండవ దానిని శ్రద్ధతో పలుమారులు విన్న పిదప, ఈ వైఫల్యమునకు కారణము బోధింపబడిన విషయమున లేదనియు, బోధించువాడు నిలిచిన స్థానమున కలదనియు నాకు తోచినది. ఆ యభిప్రాయమును సోదాహరణముగా నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. హిప్-హాప్ స్వరూపము

ఈ కళతో పరిచయము లేనివారికొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. హిప్-హాప్ న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్ అను పేటలో పుట్టినది. 1973 ఆగస్టు 11వ తేదీన, జమైకా దేశమునుండి వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు తన చెల్లెలు ఏర్పాటు చేసిన వేడుకలో రికార్డులు వేసిన దినమును దాని జన్మదినముగా చెప్పుకొనుట ఆచారము. పాత రికార్డులలో పాట ఆగి వాద్యముల దరువు మాత్రమే మ్రోగు చోట్లను పట్టి, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని మార్చి మార్చి త్రిప్పి, ఆ దరువును ఎంతసేపైనను సాగదీయుట అతని నేర్పు. ఆ దరువుపై ప్రాసలతో కూడిన మాటలను లయ తప్పక పలుకుటకే రాప్ అని పేరు. ఇందు రాగము స్వల్పము, లయయే ప్రధానము. మన బుర్రకథలో డక్కీల మ్రోతపై కథకుడు గుక్క త్రిప్పుకొనక పలుకు వచనమును విన్నవారికి ఈ పద్ధతి బొత్తిగా క్రొత్తదని తోచదు. పాత రికార్డులోని చిన్న ముక్కను కత్తిరించి క్రొత్త పాటయందు అతుకుటను శాంప్లింగు అందురు.

1990 ప్రాంతమున ఈ కళకు రెండు కేంద్రములు ఉండెను. ఒకటి న్యూయార్కు, రెండవది లాస్ ఏంజెలిస్. నగరపు వీథులు, పోలీసుల దౌర్జన్యము, ముఠాల కలహములు నాటి పాటలలో విరివిగా వినబడుచుండెను. దక్షిణ రాష్ట్రములను ఎవరును అంతగా లెక్కింపలేదు. పల్లెను, పొలమును, ముసలివారిని గూర్చి రాప్ పలుకవచ్చునన్న తలంపు అరుదు. అట్టి సమయమున అరెస్టెడ్ డెవలప్‌మెంట్ రంగమునకు వచ్చినది.

2. తొలి సంపుటము

ఈ బృందమును 1988 ప్రాంతమున స్పీచ్ అను పేరుతో ప్రసిద్ధుడైన టాడ్ థామస్, హెడ్‌లైనర్ అను పేరుగల టిమొతీ బార్న్‌వెల్ కలిసి స్థాపించిరి. స్పీచ్ 1968లో ఉత్తరమున విస్కాన్సిన్ రాష్ట్రపు మిల్వాకీ నగరమున జన్మించెను. అతని కుటుంబము అచ్చట నల్లజాతివారికొరకు ఒక వార్తాపత్రికను నడపుచుండెను. అతడును అందు వ్యాసములు వ్రాసియున్నాడు. ఈ సంగతి ముందు మనకు అక్కరకు వచ్చును. బృందమున గాయకులు, నర్తకులు, మద్దెలకాండ్రతో పాటు బాబా ఒజే అను పెద్దాయన ఉండెను. ఆయన జననము 1932. రంగస్థలముపై యువకుల నడుమ ఆయన ఇంటిపెద్దవలె ఉండెడివాడు. యువకులకే పరిమితమని లోకము భావించిన కళలో ఒక తాతగారికి ఆసనమిచ్చుట ఆ బృందపు భావనను చెప్పకయే చెప్పినది. తాము వాద్యబృందము కాదు, ఒక గ్రామము అన్నట్లు వారు కనబడిరి.

తొలి ఆల్బము 1992 మార్చి 24వ తేదీన వెలువడినది. దాని పేరు ‘3 ఇయర్స్, 5 మంత్స్ అండ్ 2 డేస్ ఇన్ ద లైఫ్ ఆఫ్...’. బృందము పుట్టిననాటినుండి రికార్డు సంస్థతో ఒడంబడిక కుదురువరకు గడచిన కాలమే ఆ 3 సంవత్సరముల 5 నెలల 2 దినములు. తాము ఎదురుచూచిన కాలమును దినములతో సహా లెక్కపెట్టి పేరుగా పెట్టుకొనిన ఆ కృతికి లోకము గొప్ప బహుమానమునే ఇచ్చెను. అమెరికా ఆల్బముల పట్టికలో అది 7వ స్థానమునకు చేరెను. ‘టెనెసీ’, ‘మిస్టర్ వెండల్’ అను పాటలు 6వ స్థానమును, ‘పీపుల్ ఎవ్రీడే’ 8వ స్థానమును అందుకొనెను. 1993లో ఉత్తమ నూతన కళాకారులకిచ్చు గ్రామీ పురస్కారము వారికి లభించినది. హిప్-హాప్ కళాకారులకు ఆ పురస్కారము దక్కుట అదే మొదటిసారి.

ఈ కీర్తికి మూలమైన పాట ‘టెనెసీ’. దాని వెనుక నిజమైన దుఃఖము కలదు. స్పీచ్ బాల్యమున వేసవి సెలవులను టెనెసీ రాష్ట్రపు రిప్లీ అను చిన్న ఊరిలో తన అవ్వ యింట గడపెడివాడు. ఆ అవ్వ మరణించెను. ఆమె అంత్యక్రియలకు వచ్చిన అన్నను అతడు టెనెసీలోనే కడసారి చూచెను. ఆ వారము గడువకమునుపే ఆ యన్నయు మరణించెను. పాటలో అతడు దేవునితో మాటలాడును. తనకు దారి తెలియుటలేదని, ఏల ఇట్లు జరిగినదో చెప్పుమని అడుగును. సమాధానముగా టెనెసీకి పొమ్మను ఆజ్ఞ వచ్చినట్లు అతనికి తోచును. పోవును. పూర్వులు నడచిన దారులలో నడచును. వారిని ఉరితీసిన చెట్లను ఎక్కును. ఆ చెట్లయొద్ద జ్ఞానమును యాచించును. తాను ఇంకను చిన్నవాడనను ఎరుక అతనికి అచ్చట కలుగును.

ఈ పాటయందు ఆఫ్రికా పేరు చెప్పి ఎలుగెత్తిన ఘోష లేదు. జాతిగౌరవమును గూర్చిన నిర్వచనము లేదు. ఒక ఊరు కలదు, చెట్లు కలవు, చనిపోయిన ఇద్దరు ఆప్తులు కలరు, తెలియక అడుగుచున్న ఒక యువకుడు కలడు. ఆ చెట్టు వినువాని కన్నులయెదుట నిలిచినంతనే, బానిసత్వపు చరిత్రయు, ఆ పిదప దక్షిణ రాష్ట్రములలో సాగిన హత్యల చరిత్రయు చెప్పకయే వచ్చి నిలుచును. పిల్లలు ఆడుకొనుటకు ఎక్కు చెట్టే పూర్వుల ఉరికంబము అగుటయందలి భయంకర వైరుధ్యము ధ్వనికి మంచి ఉదాహరణము. పాట చివర డయాన్ ఫారిస్ అను గాయని యెత్తుకొన్న ఆలాపన, మాటలు ఆగినచోట దుఃఖమును ముందుకు సాగించును. ప్రిన్స్ అను ప్రఖ్యాత గాయకుని 1988 నాటి పాటనుండి ‘టెనెసీ’ అన్న ఒక్క మాటను కత్తిరించి ఇందు వాడుకొనిరి. అందులకు 1,00,000 డాలర్లు చెల్లింపవలసి వచ్చినదని స్పీచ్ తరువాత చెప్పియున్నాడు. ఊరి పేరు పలుకుటకే అంత మూల్యము చెల్లించిన పాట మరియొకటి ఉండదేమో!

‘మిస్టర్ వెండల్’ ఇల్లు లేక వీథిలో బ్రతుకు ఒక మనుష్యుని గూర్చినది. అతనికి చిల్లర డబ్బులిచ్చిన యువకుడు అతనితో మాటలు కలిపి, ఇచ్చినవానికంటె పుచ్చుకొన్నవానికే లోకము ఎక్కువ తెలియునని గ్రహించును. ‘పీపుల్ ఎవ్రీడే’ 1968 నాటి స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందపు పాటను తిరుగ కూర్చినది. తన చెలిని అవమానించిన పోకిరులతో మొదట ఓర్పు వహించిన నాయకుడు, తుదకు ఓర్పు కోల్పోయి చేయిచేసుకొనును. శాంతిని బోధింపవచ్చినవాడు కొట్లాటలో చిక్కుకొనుట ఆ పాటకు ప్రాణము.

అయినను తొలి సంపుటము నిర్దోషమని చెప్పజాలను. ‘ఫిషిన్ ఫర్ రెలిజియన్’ పాటలో, కష్టమును ఎదుర్కొనుమని గాక ఓర్చుకొని ప్రార్థింపుమని మాత్రమే చెప్పు చర్చిని విమర్శించుటయందు తీర్పరితనము కొంత కలదు. ‘చిల్డ్రన్ ప్లే విత్ ఎర్త్’ పిల్లలను మట్టిలో ఆడుకొనుడని హెచ్చరించును. అది పాఠశాల ఉపాధ్యాయుని కంఠమే. కాని ఆ కంఠమునకు ప్రక్కనే ‘టెనెసీ’ యువకుని సందేహస్వరము వినబడుచున్నందున శ్రోత దానిని సహించెను. రెండవ సంపుటమున ఈ సమతౌల్యము చెడినది.

3. ఒక ప్రమాణము

కళ బోధింపవచ్చునా కూడదా యను ప్రశ్న మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. మమ్మటుడు కావ్యప్రకాశమునందు కావ్యప్రయోజనములను చెప్పుచు కాంతాసమ్మితమైన ఉపదేశమును పేర్కొనెను. ఓరుగంటి కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున వెలుగొందిన విద్యానాథుడు ప్రతాపరుద్రీయమునందు ఈ విభాగమునే గ్రహించెను. వేదము రాజువలె ఆజ్ఞాపించును, అది ప్రభుసమ్మితము. పురాణము మిత్రునివలె హితము చెప్పును, అది సుహృత్సమ్మితము. కావ్యము ప్రియురాలివలె మనస్సును ఆకర్షించి తనవైపు త్రిప్పుకొనును; అది కాంతాసమ్మితము.

కాంతాసమ్మితమనగా తీపిమాట యని మాత్రమే అర్థము చేసికొనుట చాలదని నా మనవి. ఆజ్ఞాపించు ప్రభువునకు వినువాని గతితో ప్రమేయము లేదు. ప్రియురాలికి వినువాని బ్రతుకులో పాలు కలదు; అతడు చెడినచో ఆమెయు చెడును. ఆమె మాటలో బలము పుట్టునది ఆ పొత్తువలననే. వేమన ఎంత కటువుగా మందలించినను తెలుగువాడు వినుచున్నాడు. ఏలయన వేమన తాను అన్నియు అనుభవించి, విసిగి, తెలిసికొని పలుకుచున్నాడన్న నమ్మకము వినువానికి కలదు. ఉపదేశము కళకు శత్రువు కాదు. ఉపదేశించువాడు తాను ఏ బాధయు పడక, ఏ తప్పును చేయక, శ్రోతకంటె ఎత్తైన పీఠముపై కూర్చుండుటయే శత్రువు. ఈ ప్రమాణముతో ‘జింగలమదుని’ని పరిశీలింతము.

4. రెండవ సంపుటము

మొదట పేరును చూడుడు. ‘జింగలమదుని’ యనగా స్వాహిలీ భాషలో సంస్కృతియొక్క తేనెటీగల గూడు అని బృందమువారు అర్థము చెప్పిరి. ఆ భాషలో గూటికి ‘మ్జింగ’ యనియు సంస్కృతికి ‘ఉతమదుని’ యనియు పేర్లు కలవు; వాని ముక్కలు ఈ పేరులో కనబడుచున్నవి. భావన సుందరమైనదే. పెక్కుమంది కలిసి పనిచేసి తేనె కూర్చు గూడు ఒక గ్రామమునకు మంచి యుపమానము. కాని స్వాహిలీ తూర్పు ఆఫ్రికా భాష. బానిసలుగా అమెరికాకు కొనిపోబడినవారిలో అత్యధికులు పశ్చిమ ఆఫ్రికానుండియు, పశ్చిమ మధ్య ఆఫ్రికానుండియు వచ్చినవారు. వారి అవ్వలు పలికిన భాష స్వాహిలీ కాదు. 1960ల జాతీయోద్యమకాలమున ఆఫ్రికా ఐక్యతకు చిహ్నముగా ఆ భాషను అమెరికాలో గ్రహించిరి. 1966లో మొదలైన క్వాంజా పండుగ పేరును ఆ భాషనుండియే తీసికొనిరి. చిహ్నమును గ్రహించుట తప్పు కాదు. కాని చిహ్నము వేరు, వారసత్వము వేరు. ‘టెనెసీ’ అను పేరు స్పీచ్‌కు వారసత్వముగా వచ్చినది. ‘జింగలమదుని’ అతడు ఏరి తెచ్చుకొన్నది. రెండు కృతులకు గల వ్యత్యాసమంతయు ఈ రెండు పేర్లలోనే కలదనిన అతిశయోక్తి కాదు.

సంపుటము ఒక కల్పిత రేడియో కేంద్రపు ప్రకటనతో ఆరంభమగును. ఆ కేంద్రపు పేరులోని నాలుగు అక్షరములకు ‘మనము పోరాడి గెలువవలయును’ అని విస్తరణ. వినువాడు ఇంకను పాటలోనికి ప్రవేశింపలేదు. చేయవలసినదేమో అప్పుడే చెప్పబడినది. వెంటనే ‘యునైటెడ్ మైండ్స్’, కొంత దూరమున ‘యునైటెడ్ ఫ్రంట్’. ఒకటి మనస్సుల ఐక్యత, మరియొకటి శ్రేణుల ఐక్యత. ఐక్యత కావలయుననుటలో ఎవరికిని వివాదము లేదు. వివాదము లేనిచోట నాటకము లేదు. ఎవరితో ఐక్యత కుదురలేదు, ఎవరు విడిపోయిరి, ఆ విడిపోవుటలో పాడువాని తప్పెంత యను ప్రశ్నలు వేసినచో పాటలో ప్రాణము పుట్టియుండును.

‘ఆఫ్రికాస్ ఇన్‌సైడ్ మీ’ యను పాట లయ హుషారైనది, కాళ్లను ఆడించును. కాని ఆఫ్రికా నాలో కలదని పేరే చెప్పివేసినది. ‘టెనెసీ’లో పూర్వులు ఎచ్చట కలరని వెదకుచు ఒక యువకుడు చెట్టెక్కెను. ఇచ్చట వెదకుట లేదు. దొరికినదన్న ప్రకటన మాత్రమే కలదు. తొలి పాటలో మనమును అతనితో పాటు ఆ ఊరికి పోయితిమి. ఈ పాటలో అతడు పోయివచ్చి తెచ్చిన సమాచారమును వినుచున్నాము.

‘ఏకిన్ ఫర్ ఏకర్స్’ విషయమున నాకు మిక్కిలి విచారము కలిగినది. ఏలయన ఇందు మహత్తరమైన వస్తువు కలదు. 1865 జనవరిలో జనరల్ షెర్మన్, దక్షిణ సముద్రతీరపు భూములను విముక్తులైన బానిసలకు కుటుంబమొక్కింటికి 40 ఎకరములకు మించకుండ పంచవలసినదని ఉత్తరువు చేసెను. ఆ యేడే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దానిని త్రోసిపుచ్చి, భూములను పూర్వపు యజమానులకు మరలించెను. నూటముప్పది సంవత్సరముల పిదపను మానని గాయము అది. ఆ షెర్మన్ సేన కాల్చివేసిన అట్లాంటాలో కూర్చుండి, భూమిలేని జాతిని గూర్చి పాడువానికి ఎంతటి సామగ్రి చేతిలో ఉన్నదో చూడుడు! కాని పాట భూమి కావలెనని వాదించును గాని, ఒక పొలమునైనను మన కన్నులకు చూపదు. ఏ తాత దున్నిన చేను, ఏ కాగితముపై వేలిముద్ర వేయించుకొని ఎవరు లాగుకొనిరి? వాదము సత్యము, పాట మాత్రము వాదముగనే మిగిలినది. ‘మిస్టర్ లాండ్‌లార్డ్’లో అద్దెయింటివాని మొర వినబడునప్పుడు కొంత ఊపిరి వచ్చును. ఇంటి యజమానికిని కిరాయిదారునికిని గల తగవు ఎవరికైనను తెలిసినదే గదా.

ఈ సంపుటమున మిగిలిన పాటలకంటె సాహసమైనది ‘వార్మ్ సెంటిమెంట్స్’. తనతో చెప్పక గర్భస్రావము చేయించుకొన్న ప్రియురాలితో ఒక పురుషుడు మాటలాడుట ఇందలి వస్తువు. విషయము సున్నితము, వ్యక్తిగతము. ఇచ్చట బాధ కలదు, సంబంధము కలదు. ‘టెనెసీ’ స్థాయికి చేరగల అవకాశమును కలదు. కాని ఆ పురుషుని బాధ కొంతసేపటికే న్యాయవిచారణగా మారును. తనతో చెప్పుటకు ఆమె ఏల వెనుకాడినదో అతడు తన్ను తాను ప్రశ్నించుకొనడు. ఆ యొక్క ప్రశ్న వేసికొనియున్నచో పాటకు రెండవ ముఖము వచ్చియుండెడిది. ఆమె పక్షమున పలుకుటకు ఆ గ్రామమున ఒక స్త్రీ కంఠమైనను లేచియుండవలసినది.

మెచ్చుకొనదగినది ‘ఈజ్ మై మైండ్’. దినమంతయు లోకభారమును మోసినవాడు మనశ్శాంతిని కోరుకొనుచున్నాడు. ఇందు బోధకుడు పీఠము దిగి అలసిపోయిన మనుష్యుడుగా కనబడినందున వినువానికి ఆదరము కలుగును. సంపుటమంతటిలో ప్రజలు కొంతగానైనను గుర్తుంచుకొన్న పాట ఇదియే యగుట యాదృచ్ఛికము కాదు. అయినను అమెరికా పట్టికలో అది 45వ స్థానముకంటె పైకి పోలేదు. ఆల్బము 55వ స్థానమున ఆగెను. తొలి సంపుటము 7వ స్థానమునకు చేరిన సంగతి పైన చెప్పితిని.

5. ఆక్షేపణలు

ఈ నిర్ణయమునకు మూడు ఆక్షేపణలు రావచ్చును.

మొదటిది కాలమును గూర్చినది. 1992 డిసెంబరులో డాక్టర్ డ్రే ‘ద క్రానిక్’ను వెలువరించెను. 1993 నవంబరులో వూ-టాంగ్ క్లాన్ తొలి ఆల్బమును, స్నూప్ డాగీ డాగ్ తొలి ఆల్బమును వచ్చినవి. శ్రోతల అభిరుచి కఠినమైన వీథి కథలవైపు మరలినది. మృదుభాషియైన బృందమునకు చోటు లేకపోయినదని పలువురు చెప్పుదురు. ఇందు కొంత నిజము కలదు. కాని అదే అట్లాంటానుండి, ‘జింగలమదుని’కి రెండు నెలలైనను ముందుగాక, 1994 ఏప్రిల్ 26వ తేదీన ఔట్‌కాస్ట్ అను ఇద్దరు యువకుల తొలి ఆల్బము వెలువడి మన్నన పొందెను. అందు ‘గిట్ అప్, గిట్ ఔట్’ అను పాట కలదు. దాని సారాంశము పచ్చి ఉపదేశమే: సోమరితనము వదలుము, లేచి ఏదైన సాధింపుము. ఇంతకంటె పాత నీతి మరియొకటి లేదు. కాని ఆ నీతిని చెప్పువాడు తాను చదువు పూర్తిచేయలేదనియు, తనవారికి ఆశాభంగము కలిగించితినేమో యనియు ముందే ఒప్పుకొనును. మందలింపు మొదట తనకే తగులుచున్నది. ఒకే ఊరు, ఒకే సంవత్సరము, ఒకే విధమైన నీతి; ఒకచో ఫలించినది, మరియొకచో ఫలింపలేదు. కాబట్టి కాలమునే దోషిగా నిలుపుట న్యాయము కాదు.

రెండవది గాయనిని గూర్చినది. ‘టెనెసీ’కి ఆర్తిని ఇచ్చిన డయాన్ ఫారిస్ రెండవ సంపుటమునాటికి బృందముతో లేదు. ఆమె తన సొంత దారిని పట్టి, 1995లో ‘ఐ నో’ అను పాటతో అమెరికా పట్టికలో 4వ స్థానమునకు చేరెను. ఆమె లేని లోటు నిజమైనదే. ఆ లోటు కంఠమాధుర్యమునకే పరిమితము కాదు. ‘టెనెసీ’లో స్పీచ్ మాటలకు ఆమె ఆలాపన బదులు పలికినది, మాటకు అందని దానిని అందించినది. రెండవ సంపుటమున వంతపాడువారు పెక్కురు కలరు, కాని వారు నాయకుని మాటనే బలపరచుచున్నారు. గ్రామమని చెప్పుకొన్నచోట వినబడునది ఒక్కని యభిప్రాయమే. తేనెటీగల గూడని పేరు పెట్టినదానికి ఇది గొప్ప లోపము.

మూడవది తీరికను గూర్చినది. తొలి సంపుటమునకు 3 సంవత్సరముల 5 నెలల 2 దినముల నిరీక్షణము ముందున్నది. రెండవ దానికి మధ్య దొరకినది రెండేండ్ల పైచిలుకు కాలము. ఆ కాలమందే యాత్రలు, కచేరీలు, పురస్కారసభలు, ‘మాల్కమ్ ఎక్స్’ చలనచిత్రమునకు ‘రెవల్యూషన్’ అను పాట, 1993లో ‘అన్‌ప్లగ్డ్’ అను కచేరీ రికార్డు. అంతటి సందడిలో టెనెసీకి పోయి చెట్టుక్రింద కూర్చుండు వ్యవధి ఎక్కడిది? పత్రికలో వ్యాసములు వ్రాయు కుటుంబమునుండి వచ్చినవాడు, అనుభవము నిలువ తగ్గినపుడు సంపాదకీయమును ఆశ్రయించెనని నా యూహ. కీర్తి అతనిని ప్రతినిధిగా చేసినది. ప్రతినిధికి సందేహములు ఉండగూడదని లోకము కోరును. కళాకారునికి అవి లేనిదే జరుగదు. ఈ మూడు ఆక్షేపణలలో బలమైనది ఇదియే. అది నా మాటను ఖండింపక సమర్థించుచున్నది.

6. మనకు దీనితో గల సంబంధము

బెంగళూరు, బళ్లారి, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము మొదలగు చోట్ల తరతరములుగా నివసించు తెలుగువారమైన మనకు ఈ కథ పరాయిది కాదు. నల్లజాతివారి వలస బలాత్కారముగా జరిగినది. మనది అట్టిది కాదు. ఆ దుఃఖముతో మన స్థితిని పోల్చుట అవివేకము. కాని మూలమును గూర్చి మాటలాడు పద్ధతిలో మనకును అదే ప్రమాదము కలదు. మన వార్షికోత్సవములలో తెలుగుతల్లిని కీర్తించు పద్యములకు లోటు లేదు. దేశభాషలలో తెలుగు గొప్పదనమును చాటు ఉపన్యాసములకును లోటు లేదు. షోలాపురమునకు మగ్గముతో వచ్చిన పద్మశాలి కుటుంబపు అవ్వ పలికిన మాటలు, హోసూరు పల్లెలో అరవముతో కలిసిమెలిసి పెరిగిన తెలుగులోని సామెతలు, బరంపురపు ఇంట ఒరియా పొరుగువారితో పంచుకొన్న పండుగలు మన రచనలలో ఎంతవరకు కనబడుచున్నవి? ఇవి మనకు వారసత్వముగా వచ్చిన ‘టెనెసీ’లు. ఉత్సవవేదికపై మనము ఎత్తి చూపునది తరచుగా ‘జింగలమదుని’యే యగుచున్నది.

ఇంటిలో తెలుగు మాటలాడుమని పిల్లవానిని మందలించు తండ్రి, తన తండ్రి తనతో ఏమి మాటలాడెనో, తాను వానిలో ఏ మాటలను మరచిపోయెనో చెప్పినచో ఆ పిల్లవాడు వినును. ఆజ్ఞగా చెప్పినచో తల యూపి వెడలిపోవును. ఇది నేను కల్పించి చెప్పుచున్నది కాదు. మన యిండ్లలో నిత్యము జరుగుచున్నదే.

7. ఉపసంహారము

అరెస్టెడ్ డెవలప్‌మెంట్ బృందము 1996లో విడిపోయినది. 2000 సంవత్సరమున తిరిగి కూడుకొని పాడసాగినది. బాబా ఒజే 2018లో కాలధర్మము చెందెను. తరువాతి కృతులను గూర్చి చర్చించుటకు ఇది తావు కాదు. 1994 నాటి వైఫల్యమువలన వారి తొలి కృతి విలువ తగ్గదు. దక్షిణ రాష్ట్రపు పల్లెకును, పెద్దలకును హిప్-హాప్‌లో స్థానము కల్పించిన గౌరవము వారినుండి తొలగదు.

‘జింగలమదుని’ చెడు ఉద్దేశముతో చేసిన కృతి కాదు. అందలి మాటలలో అసత్యము లేదు. లయలు నిర్జీవములు కావు. కాని తొలి సంపుటమున తెలియక అడిగినవాడు, మలి సంపుటమున తెలిసి చెప్పువాడయ్యెను. అడుగువానితో శ్రోత కలిసి నడచెను. చెప్పువానికి ఎదురుగా కూర్చుండెను. రెండు సంపుటములను వెంటవెంట వినినచో ఈ భేదము ఎవరికైనను తెలియును. ఆసక్తి గల యువకులు అట్లు విని, నా యభిప్రాయమున పొరపాటున్నచో సవరింపగోరుచున్నాను. వినిన పిదప వారు తమ యింటి ముసలివారి చెంత కూర్చుండి, వారి ఊరి పేరును, ఆ ఊరి చెట్ల పేర్లను అడిగి వ్రాసికొనినచో, రాబోవు సంచికలకు మంచి సామగ్రి లభింపగలదు.